గట్టివి వెయ్యమన్నారు

క్లారినెట్లకు ప్యాడ్లు వెయ్యడంలో ఆ రోజుల్లో బెజవాడలో నా అంత చెయ్యి ఇంకోటి లేదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, చెప్పేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. షాపు పోయింది, మామగారు పోయారు, బోర్డు మీద నా పేరు ఎప్పుడూ లేదు. ఇంతా చేసి నాకు క్లారినెట్ ఊదడం రాదు. ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ నేను చేసిన తప్పుకు మొదలు అక్కడే ఉంది కాబట్టి చెప్పక తప్పదు.

మాది పెడనలో మగ్గం ఇల్లు. పదేళ్ళు నిండకముందే, తెగిన పడుగు పోగును గుడ్డ మీద జాడ తెలియకుండా అతకడం నాకు వచ్చు. డెబ్బైల మొదట్లో గవర్నర్‌పేట నుంచి వాద్యాల రిపేరు షాపు వాళ్ళ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో నన్ను పాట పాడమని ఎవరూ అడగలేదు. కాబోయే మామగారు మాత్రం, "ఏదీ, చేతులు చూపించమ్మా" అన్నారు. హస్తసాముద్రికం తెలుసేమో అనుకుని అరచేతులు చాపాను. ఆయన వాటిని తిరగేసి వేళ్ళ చివరలు ఒక్కొక్కటీ నొక్కి చూశారు. "పిల్లను చూసుకోడానికి వచ్చారా, బెండకాయలు ఏరుకోడానికి వచ్చారా" అని మా అమ్మ చాలా రోజులు నవ్వింది. ఆయనకు చత్వారం ముదిరిందనీ, చిన్న పని కంటికి ఆనడం లేదనీ, కోడలితో పాటు ఇంట్లోకి రెండు కళ్ళు కూడా కావలసి వచ్చాయనీ అప్పుడు మాకు తెలియదు.

షాపుకు ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో పూల కర్టెన్. ముందు గదిలో మామయ్య గారు వచ్చినవాళ్ళతో మాట్లాడేవారు. మా ఆయన హార్మోనియాలు చూసేవారు. వారంలో సగం రోజులు ఊళ్ళ మీదే ఉండేవారు. వెనక గదిలో నేను. ఒక పక్క కిరసనాయిలు స్టవ్వు, ఒక పక్క స్పిరిట్ దీపం. ఒకదాని మీద పప్పు ఉడికేది, రెండోదాని మీద ప్యాడ్లు అంటించే లక్క కరిగేది. కూర మాడినప్పుడల్లా లక్క వాసన అనుకున్నానని చెప్పేదాన్ని. మా అత్తగారు పాపం నమ్మినట్టే కనపడేవారు.

క్లారినెట్ చూసినవాళ్ళు ఆ తెల్లటి మీటలనే చూస్తారు. మీట చివర చిన్న గిన్నె ఉంటుంది, గిన్నెలో చొక్కా బొత్తాం అంత ప్యాడ్ ఉంటుంది. అది వెళ్ళి రంధ్రం మీద కూర్చుని గాలిని ఆపాలి. వెంట్రుకవాసి సందున్నా సరే, ఎంత మొనగాడు ఊదినా కీచుమంటుంది. మా దగ్గరకు వచ్చే పాతకాలపు క్లారినెట్లకు ఒక్కోదానికి పధ్నాలుగు ప్యాడ్ల దాకా ఉండేవి. ఏ క్లారినెట్‌కు ఏ రకం ప్యాడ్ వెయ్యాలన్నదే ఈ పనిలో అసలు విద్య. అంటించడం ఎవరైనా నేర్చుకుంటారు.

ఒకటి తోలు. మేకపిల్ల తోలు, మద్రాసు నుంచి తెప్పించేవాళ్ళం. మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, త్వరగా చిరగదు. కానీ మనది కాలవల ఊరు కదా, వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం బిర్రబిగుస్తుంది. రెండోది పొర. ఉల్లిపొర అంత పలచన, కిందున్న ఫెల్టు, అంటే దళసరి ఉన్ని బిళ్ళ, మీద రెండు వరసలు లాగి కప్పాలి. గాలి చుక్క పోనివ్వదు గానీ రంధ్రానికి తాకినప్పుడల్లా టక్కుమంటుంది, పైగా బొద్దింకలకు అదంటే ప్రాణం. మూడోది కార్కు. తడికి చలించదు కాబట్టి నోటి తేమ కారే పైభాగంలో ఒకటో రెండో కార్కువి పడేవి. ఒక ఏడాది సరుకు దొరక్క మామయ్య గారు జీలుగు బెండు కోసి వేశారు. చేపలు పట్టే గాలానికి కట్టుకునే బెండు. నాలుగో రోజుకల్లా అది నొక్కుకుపోయి అప్పడంలా అయింది.

పొరను అమ్మేవాళ్ళు ఫిష్ స్కిన్ అనేవారు. చేపదే కాబోలనుకున్నాను. అది చేపది కాదు, పశువు పేగు మీది పొర అని కొన్నాళ్ళకు తెలిసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మామయ్య గారు, "తబలా మీదున్నదేంటి, మృదంగం మీదున్నదేంటి? సంగీతం దగ్గర ఈ పట్టింపులు పెట్టుకుంటే కుదరదమ్మా" అన్నారు. అన్న నోటితోనే ఇంకో పట్టింపు పెట్టారు.

ప్యాడ్లన్నీ వేశాక, విడదీసిన క్లారినెట్ ముక్కకు రంధ్రాలూ ఒక చివరా మూసి, రెండో చివర నోట పెట్టుకుని గాలి పీల్చి చూడాలి. ఎక్కడా సందు లేకపోతే పెదవికి అంటుకుని నిలుస్తుంది. అది నన్ను చెయ్యనిచ్చేవారు కాదు. "పరాయి మగాళ్ళ ఎంగిలి. ఇంటి కోడలు నోట పెట్టడమేంటి" అనేవారు. కడిగినా తుడిచినా ఎంగిలి ఎంగిలేనట. నేనూ వాదించలేదు, నిజానికి నాకూ రోతగానే ఉండేది. అందుకని ఇంకో దారి పట్టాను. సిగరెట్ కాగితాన్ని దారమంత సన్నంగా కత్తిరించి, ప్యాడ్ కింద పెట్టి మీట మూసి, మెల్లగా లాగేదాన్ని. నాలుగు వైపులా ఒకేలా బిగుసుకుంటే ప్యాడ్ కుదిరినట్టు. జారితే మళ్ళీ దీపం ముట్టించాలి. అలా కంటితో, కాగితంతో ఎన్ని క్లారినెట్లు బాగుచేశానో లెక్కలేదు. ఊదేవాడి వేలికి ఏం తెలుస్తుందో మాత్రం నాకు తెలియదు. తెలుసుకోవలసినది ఒకటుందని కూడా తోచలేదు.

నా నోరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బెజవాడ ఎండలకు లక్క మెత్తబడి ప్యాడ్లు ఊడటం మామూలే. ఒకసారి బ్యాండు మేళం ఆయన, ఊరేగింపులో ప్యాడ్ ఊడి పెళ్ళికొడుకు ఒళ్ళో పడిందని గొడవకు వచ్చాడు. "అక్షింతల్లో కలిసిపోయుంటుంది, వెతుక్కోమనండి" అన్నాను కర్టెన్ వెనక నుంచి. వచ్చినాయన కూడా నవ్వేశాడు. నోటి దురుసుకు నవ్వులు రాలితే అది తెలివి అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించేది.

నేను ఆ తప్పు చెయ్యడానికి కొన్ని వారాల ముందు, క్రిస్మస్ దగ్గరపడుతుండగా ఒక చర్చి క్వయరు వాళ్ళవి రెండు క్లారినెట్లు వచ్చాయి. ప్రార్థనలో అందరూ తలలు వంచుకుని ఉన్నప్పుడు సన్నగా వాయించాల్సి వస్తుందట. ఆ నిశ్శబ్దంలో మీటలు టకటకలాడుతుంటే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టుందని ఫాదర్ గారు విసుక్కున్నారట. నేను పొరలన్నీ పీకేసి తోలు వేశాను. తోలు కింద హార్మోనియం మెట్లకు వాడే మెత్తటి ఫెల్టు కోసి పెట్టాను. పండగ మర్నాడు వాళ్ళు కేకు పట్టుకుని వచ్చారు. "ప్యాడ్లున్నాయని కూడా తెలియలేదండీ" అన్నారు. కర్టెన్ దాటి వెనక గదిలోకి వచ్చిన మొదటి మెప్పు అది. కేకు అందరం తిన్నాం, అది తలకెక్కింది మాత్రం నాకే. ఇక అక్కణ్ణించి ప్రపంచంలో క్లారినెట్ వాయించే ప్రతివాడికీ కావలసింది చప్పుడు లేకపోవడమేనని ఖాయం చేసుకున్నాను.

మాఘమాసం వస్తే జిల్లా అంతా తిరునాళ్ళు, తిరునాళ్ళలో పౌరాణిక నాటకాలు. ఆ నాటకాల్లో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకాయన ఏటా అదను చూసుకుని మా షాపుకు వచ్చేవారు. ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య ఊరు ఆయనది. యాభై ఐదు దాటి ఉంటాయి. క్లారినెట్‌ను పెట్టెలో కాకుండా భార్య పాత చీర ముక్కలో చుట్టి చంకలో పెట్టుకుని బస్సు దిగేవారు. నాటకంలో పద్యం ఆఖరున వేషధారి రాగం తీసి, ఊపిరి చాలక ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడ క్లారినెట్ అందుకుని ఆ రాగాన్ని ఇంకాస్త దూరం తీసుకెళ్ళాలి. చప్పట్లు వేషధారికి పోతాయి. అయినా ఆ అందుకోవడంలో ఆయనకు మంచి పేరుంది. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు ఒకాయన ఏళ్ళ తరబడి ఆయన్ని తప్ప ఇంకొకర్ని పిలవలేదు. ఇల్లు గడిచేది ఆ రెండెకరాల చెరుకుతోనే అయినా, మనిషి బతికేది ఆ నాటకాల కోసమేనని మామయ్య గారు చెప్పేవారు.

అంతకు ముందు ఏళ్ళలో, ఎంత చత్వారం ఉన్నా ఆయన క్లారినెట్ మాత్రం మామయ్య గారే చూసేవారు. ఆ ఏడు మొదటిసారి నా చేతికి వచ్చింది. కర్టెన్ పక్కకు జరిపి, చీర ముక్కతో సహా నా ముందు పెట్టి, "గట్టివి వెయ్యమన్నారు. మాఘ పౌర్ణమికి నాటకం ఉందట" అన్నారు మామయ్య గారు. అంతే.

విప్పి చూస్తే అన్నీ పొర ప్యాడ్లు. ఒకటి చిరిగింది, రెంటిని బొద్దింకలు కొరికేశాయి. పాపం, ఏటా ఇవి చిరిగి ఇంత దూరం రావలసి వస్తోంది, అందుకే గట్టివి అడిగారు అనుకున్నాను. గట్టి అన్న మాట ఎంత గడుసుదో చూడండి. గట్టి శనగలు అంటే పళ్ళకు లొంగనివి. గట్టిగా చెప్పు అంటే నలుగురికీ వినపడేలా చెప్పమని. గట్టి గుడ్డ అంటే ఎన్ని ఉతుకులకైనా ఆగేది. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, నాకు గుడ్డే గుర్తొచ్చింది. కర్టెన్ పక్కకు తీసి, "గట్టి అంటే ఎలాంటివండీ?" అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడిగితే పని రాదనుకుంటారేమోనని అడగలేదు.

మూడు రోజులు కూర్చున్నాను. ఉన్నవాటిలో మంచి తోలు ఏరి, కింద ఫెల్టు పెట్టి, పధ్నాలుగూ తోలువే వేశాను. అంత శ్రద్ధగా నేను నా పెళ్ళి చీర కుచ్చిళ్ళు కూడా పెట్టుకుని ఉండను. మీటలు నొక్కి చూస్తే పిల్లి అడుగేసినట్టు ఒక్క చప్పుడు లేదు. మామయ్య గారు నోట పెట్టి పీల్చి చూసి, బాగుందన్నట్టు తలాడించారు.

పెద్దాయన వచ్చి, షాపు ముందు గదిలోనే నిలబడి ఊదారు. నేను కర్టెన్ వెనక మెప్పు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. కొంచెం ఊదారు, ఆగారు. మళ్ళీ ఊదారు, ఆగారు.

"వేలికి అందట్లేదండీ" అన్నారు.

"ఏమందట్లేదు?" అన్నారు మామయ్య గారు.

"దెబ్బండీ. మూతపడ్డప్పుడు దెబ్బ తగలట్లా. గట్టివి వెయ్యమన్నాను గదండీ."

మామయ్య గారు ఏదో నసిగారు. నాకు మండింది. కర్టెన్ తోసుకుని బయటికి వచ్చాను.

"ఇంతకన్నా గట్టివి ఈ ఊళ్ళో ఎవరూ వెయ్యరండీ. మేకపిల్ల తోలు, కింద మంచి ఫెల్టు. నాలుగేళ్ళు మళ్ళీ మా గడప తొక్కక్కర్లేదు మీరు" అన్నాను.

ఆయన నా నోటి వంక చూస్తూ నిలబడ్డారు. ముఖం వంక కాదు, నోటి వంక. పెద్ద వయసు మనిషికి ఇదేం చూపు అని పైట సర్దుకున్నాను.

"మళ్ళా పాత రకంవి వెయ్యడానికి అవుద్దా అమ్మాయ్? సాయంత్రం బస్సు దాకా ఈడే కూకుంటాను" అన్నారు.

"ఒక నెల వాయించండి, అదే అలవాటవుతుంది" అన్నాను.

ఆయన క్లారినెట్ చీర ముక్కలో చుట్టుకుని మెట్లు దిగారు. పొర డబ్బాలో ఉంది. మధ్యాహ్నం భోజనం మానుకుని కూర్చుంటే సాయంత్రం బస్సుకు పధ్నాలుగూ మార్చి ఇచ్చేదాన్ని, నా చెయ్యి అంత వేగం. మార్చలేదు. ఆ ప్యాడ్ల మీద నాకు మోజు పుట్టింది, పీకడానికి మనసొప్పలేదు. దీనికి ఇంతకన్నా మర్యాదైన కారణం చెబుదామని చాలా ఏళ్ళు వెతికాను, దొరకలేదు.

పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఈసారి వెంట కాంట్రాక్టరు కూడా ఉన్నాడు. ఆయన మెట్లెక్కుతూనే అందుకున్నాడు.

"ఏవండీ, మా వాద్యాన్ని ఏం చేశారు? మొన్న కృష్ణుడు వేసినాయన పద్యం తీసి ఎక్కడో ఆపితే, ఈయన ఎక్కడో అందుకున్నారు. వెనక వెనకే ఉంది క్లారినెట్. జనం ఈలలు. అడిగితే ప్యాడ్లంటారు. మీ షాపు పేరు చెప్పి పంపించేది నేను, ఇదేం పనండీ?"

నాటకాల వాళ్ళందరూ ఆయన చెప్పిన షాపుకే వెళ్తారు. మామయ్య గారి ముఖం పాలిపోయింది. నేను ఎవరూ పిలవకుండానే వచ్చి, పెద్దాయన చేతిలోంచి క్లారినెట్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. సిగరెట్ కాగితం తెచ్చి ఒక్కో ప్యాడ్ కింద పెట్టి లాగి చూపించాను. పధ్నాలుగింటిలో ఒక్కటీ జారలేదు. "మీరే లాగి చూడండి" అన్నాను కాంట్రాక్టరుతో. ఆయన లాగాడు. కాగితం చిరిగింది గానీ రాలేదు.

"అయితే ఆడలేక మద్దెల ఓడా ఏంటండీ?" అన్నాడు కాంట్రాక్టరు, సగం నవ్వుతూ, పెద్దాయన వైపు తిరిగి.

 పెద్దాయన పక్కకు వంగి, బెంచీ మీద పడ్డ చీర ముక్కను మడత పెట్టుకుంటున్నారు. అంత మాట అంటే తల కూడా ఎత్తలేదు. అప్పుడు నాకు తెలిసింది. మా పెదనాన్న జీవితమంతా మగ్గం చప్పుడులో ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన కూడా ఎదుటివాళ్ళ నోటి వంకే చూసేవాడు. ఇంట్లో పుట్టి పెరిగి చూసినదాన్ని, మొదటి రోజే పోల్చుకోవలసింది. పోల్చుకున్నాకైనా నోరు మూసుకోవలసింది. కానీ నా పని నిర్దోషి అని తేలిందన్న సంతోషం ఉందే, అది మనిషి చేత ఏదైనా అనిపిస్తుంది.

"లోపం ప్యాడ్లలో లేదండీ, ఆయన చెవుల్లో ఉంది. కావాలంటే వెనక నుంచి పిలిచి చూడండి" అన్నాను.

కాంట్రాక్టరు నా వంక ఒకసారి చూసి, "ఏవండోయ్" అన్నాడు. పెద్దాయన చీర ముక్క మడత పెడుతూనే ఉన్నారు. "ఏవండోయ్ మిమ్మల్నే" అన్నాడు ఇంకొంచెం పెంచి. రోడ్డు మీద పోతున్న రిక్షా ఆయన తిరిగి చూశాడు. పెద్దాయన చూడలేదు.

తర్వాత ఆయన తనంతట తాను తలెత్తారు. మేం ముగ్గురం తన వంకే చూస్తున్నామని గమనించి, అందరికీ కలిపి నవ్వారు. నా చేతిలో క్లారినెట్, చిరిగిన కాగితం ముక్కలు చూసి ఏమనుకున్నారో గానీ, "అదేనండీ నేనూ చెప్తన్నది. అమ్మాయికి ఇప్పుడు తెలిసింది. మార్చేద్ది" అన్నారు.

కాంట్రాక్టరు పెద్దాయన దగ్గరికి వెళ్ళి భుజం తట్టి, ముఖానికి ఎదురుగా నిలబడి, "మార్పించుకోండి, మార్పించుకోండి" అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం నాకు నచ్చలేదు. పెద్దాయన మాత్రం ఎంతో తేలికపడి, ఎల్లుండి వస్తానని చెప్పి ఆయన వెనకే దిగారు.

వాళ్ళు వెళ్ళాక మామయ్య గారు బెంచీ మీది కాగితం ముక్కలు ఏరారు. ఆఖరికి, "కాలు జారితే తీసుకోవచ్చమ్మా" అని, మిగతా సగం చెప్పకుండా లేచి లోపలికి వెళ్ళారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను ఒక్క మాట అన్నది లేదు. అది కూడా సగమే అన్నారు.

ఆ రోజే పొర డబ్బా దించాను. తోలు ప్యాడ్లు పీకే ముందు ఒక పని చేశాను. చెవుల్లో దూది కుక్కుకుని, కళ్ళు మూసుకుని మీటలు ఒక్కొక్కటీ నొక్కాను. తోలు ప్యాడ్ ఎక్కడ ఆగిందో వేలికి తెలియలేదు. దిండులో వేలు గుచ్చినట్టు దిగుతూనే ఉంది, ఇంకాస్త నొక్కాలేమో అనిపించింది. అలా నొక్కేలోపు నాటకంలో రాగం దాటిపోతుంది. తర్వాత ఒకటి పొరది వేసి నొక్కాను. మూతపడగానే వేలి కొసకు టక్కున ఒక చిన్న దెబ్బ తగిలింది. దూదిలోంచి ఏమీ వినపడలేదు గానీ ఆ దెబ్బ మోచేతి దాకా తెలిసింది. ఆయన గట్టివి అని అడిగింది ఈ దెబ్బను. చర్చి వాళ్ళకు నేను తీసేసి కేకు పుచ్చుకున్నది కూడా దీన్నే. అంత పని తెలిసినదాన్ని, ఇంత చిన్న సంగతి తెలుసుకోడానికి ఒక మనిషిని బజారున పెట్టవలసి వచ్చింది. పొర మీద చెమట కాదు, కన్నీళ్ళే పడ్డాయి. తడిసిన పొర పనికిరాదు కాబట్టి తుడుచుకుని ఇంకోటి కోసుకున్నాను.

చెప్పిన రోజు పొద్దున పెద్దాయన కన్నా ముందు కాంట్రాక్టరు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తెనాలి నుంచి వేరే అతన్ని మాట్లాడుకున్నానండీ. ఇన్నేళ్ళూ నేను చెప్పిన సుద్దులన్నీ చెవిటివాడి ముందు శంఖమేనన్నమాట" అన్నాడు మామయ్య గారితో. "ఆయనకు మీరేం చెప్పకండి. పెద్దమనిషి, బాధపడతాడు. నేనే మెల్లిగా చెప్పుకుంటాను."

మామయ్య గారు బతిమాలారు. ప్యాడ్ల వల్లేననీ, ఇప్పుడు పాత రకం వేశామనీ, ఒక్క నాటకం చూడమనీ అన్నారు. నేను కూడా కర్టెన్ దాటి వచ్చి, "తప్పు నాదేనండీ, నేనే తెలియక తోలు వేశాను" అన్నాను. కాంట్రాక్టరు నా వంక చూసి, "మొన్న మీరే గదమ్మా చూపించారు" అన్నాడు. 

ఎండ ఎక్కాక పెద్దాయన వచ్చారు. మామయ్య గారు ఆయన ముఖం చూడలేక, రీడ్లు తేవాలని వంక పెట్టి బయటికి వెళ్ళిపోయారు. క్లారినెట్ నేనే తెచ్చి ఇచ్చాను. ఆయన వెంటనే ఊదలేదు. మీటలన్నీ వరసగా టకటకా నొక్కి చూసుకున్నారు. ముఖం విచ్చుకుంది. తర్వాత ఊదారు. రాగాల పేర్లు నాకు తెలియవు. ఆ షాపులో ఎంతోమంది ఊది చూసుకోవడం విన్నాను గానీ అలాంటిది వినలేదు. ఎదుటి లాడ్జి మెట్ల మీద బీడీలు కాల్చుకుంటున్నవాళ్ళు లేచి మా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఎక్కడా తొట్రుపాటు లేదు, వెనకబడటం లేదు. ఈ మనిషిని ఇంక పిలవరని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. 

ఊదడం అయ్యాక, గుమ్మంలో వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఇంక ముందు నువ్వే వేద్దువు గాబట్టి నీకు తెలియాలి. నాకు చెవి తగ్గిందమ్మా. రెండేళ్ళయింది. నా ఊదుడు నాకు పంటిలోంచి తెలుస్తది. పద్యం చెప్పేవాళ్ళ నోరు చూస్తా, హార్మోనియం ఆయన వేళ్ళు చూస్తా. మూతపడిందీ లేందీ వేలికి తెలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు. మా ఇంటిదానికి తప్ప ఎవరికీ చెప్పలా. బయటికి పొక్కితే ఇంక పిలవరు. నువ్వు కూడా ఎవరితో అనబాక."

అప్పుడైనా చెప్పవలసింది. నాయనా, నేను అనేశాను, నీ పక్కనే నిలబడి నీ వెనక అనేశాను అని చెప్పి కాళ్ళ మీద పడవలసింది. కోప్పడేవారేమో, కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళి ఇలాగే ఊది చూపించుకునేవారేమో. ఆ అవకాశమైనా ఆయనకు దక్కేది. బాధపడతాడు చెప్పొద్దన్న కాంట్రాక్టరు మాట నాకు బాగా పనికొచ్చింది. నా సిగ్గును దాని వెనక దాచుకున్నాను. ఎవరితోనూ అననని తల ఊపాను.

ఆయన క్లారినెట్ చుట్టుకున్నారు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"కాంట్రాక్టరు గారు ఇటేమన్నా వచ్చారా? వచ్చే నాటకం తారీఖు చెప్తానన్నారు."

"రాలేదండీ" అన్నాను. ఆయనకు తెలిసేలా, పెదవులు నిదానంగా కదిపి అన్నాను.

"వస్తే ప్యాడ్లు కుదిరినయ్యని నువ్వు చెప్పమ్మా" అన్నారు ఆయన. "నేను చెప్తే సాకు అనుకుంటారు. నీ మాటైతే నమ్ముతారు."

చెబుతానన్నాను.